మళ్లీ దొరకనిదే ముందు

చలికాలం వచ్చిందంటే తెలుగు పాఠకులకు రెండు ఊళ్లు గుర్తుకొస్తాయి. డిసెంబరులో హైదరాబాద్. జనవరిలో విజయవాడ. హైదరాబాద్ బుక్ ఫెయిర్ 1985లో మొదలైంది. విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. ఏడాదంతా చదివేవాళ్లూ, ఏడాదికి ఒక్క పుస్తకం కొనేవాళ్లూ, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లూ అందరూ అక్కడ కనిపిస్తారు. అక్కడికి వెళ్లండని చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. వెళ్లాక ఏం చేయాలన్నదే ఇవాళ్టి విషయం. జేబులో డబ్బు కొంచెమే ఉంటుంది. సమయం ఇంకా కొంచెమే ఉంటుంది. ఆ రెండింటినీ ఏ పుస్తకాల మీద పెట్టాలి? నా సమాధానం ముందే చెప్పేస్తాను. బయట మళ్లీ దొరకని పుస్తకాన్ని ముందు కొనండి. ఎప్పుడైనా దొరికే పుస్తకాన్ని తర్వాత చూసుకోండి. వినడానికి ఇది చాలా మామూలు మాట. కానీ అక్కడ చాలామంది చేసేది దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. బాగా పేరున్న పుస్తకం కనిపించగానే చెయ్యి అటే పోతుంది. పేరు వినని పుస్తకం బల్ల మీదే ఉండిపోతుంది.

ముందుగా ఒక సంగతి చూద్దాం. పుస్తక ప్రదర్శనలన్నీ ఒక్కలాంటివి కావు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శన ఉంది. ఇప్పటి రూపంలో అది 1949 నుంచి జరుగుతోంది. అక్కడ ముఖ్యంగా నడిచేది హక్కుల బేరం. ఒక భాషలో వచ్చిన నవలను ఇంకో భాషలో వేసుకునే హక్కు ఎవరికివ్వాలి, ఎంతకివ్వాలి అని ప్రచురణకర్తలు కూర్చుని మాట్లాడుకుంటారు. మొదటి రోజులు వ్యాపారానికే పోతాయి. మన దేశంలో తీరు వేరు. నేషనల్ బుక్ ట్రస్ట్ ఢిల్లీలో ప్రపంచ పుస్తక ప్రదర్శనను 1972లో మొదలుపెట్టింది. కోల్‌కతా పుస్తక మేళా 1976లో మొదలైంది. అక్కడ కొనేది మామూలు జనం. 1997లో కోల్‌కతా మేళాలో మంటలు లేచి స్టాళ్లు కాలిపోయాయి. కొద్ది రోజుల్లోనే మళ్లీ నిలబెట్టి నడిపించారు. పాఠకులు రాకపోతే ఆ పట్టుదల ఎవరికుంటుంది? హైదరాబాద్, విజయవాడ ప్రదర్శనలు కూడా ఈ తీరువే. అవి పాఠకుడి కోసం పెట్టినవి. వీటిలో గమనించాల్సింది ఒకటుంది. మామూలు రోజుల్లో ప్రచురణకర్తకూ మనకూ మధ్య పంపిణీదారు ఉంటాడు, దుకాణదారు ఉంటాడు. ఏ పుస్తకం మన కంటపడాలో వాళ్లే తేలుస్తారు. ప్రదర్శనలో ఆ ఇద్దరూ పక్కకు తప్పుకుంటారు. ప్రచురణకర్త గోడౌనులో ఉన్నదంతా తెచ్చి బల్ల మీద పరుస్తాడు. ఏడాదిలో ఆ పది పన్నెండు రోజులే మనకు మొత్తం సరుకు కనబడుతుంది.

మొత్తం సరుకు కనబడటం ఎందుకంత ముఖ్యం? తెలుగు పుస్తకం మన దాకా ఎలా వస్తుందో చూస్తే తెలుస్తుంది. కవితల పుస్తకమో, కథల సంపుటో, సాహిత్య పరిశోధనో తీసుకోండి. అవి చాలావరకు 500 ప్రతులో, 1000 ప్రతులో వేస్తారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మా మాతృభాష అని చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షల మంది. వెయ్యి ప్రతులంటే 81 వేల మందికి ఒక్క ప్రతి. ఒక మోస్తరు పట్టణానికి ఒక్క ప్రతి అన్నమాట. పోనీ, ఆ ఒక్క ప్రతైనా ఆ పట్టణానికి చేరుతుందా? చేరదు. చాలా పట్టణాల్లో పుస్తకాల షాపంటే బడి పుస్తకాలు, గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు, నోటుబుక్కులు, పెన్నులు. సాహిత్యం పెట్టే షాపులు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే. పైగా మన భాషలో రచయితే ప్రచురణకర్త కావడం చాలా మామూలు. సొంత డబ్బుతో అచ్చు వేయిస్తాడు. కట్టలు ఇంటికొస్తాయి. మంచం కిందో, అటక మీదో సర్దుకుంటాయి. కొన్ని మిత్రులకు పంచుతాడు. కొన్ని షాపులో కమీషను మీద పెడతాడు. మిగతావి అక్కడే ఉండిపోతాయి. ఆ పుస్తకం గురించి మనకు చెప్పేవాళ్లు ఎవరు? పత్రికల్లో సమీక్షలకు చోటు తగ్గిపోయింది. కాబట్టి ఆ పుస్తకం ఉందని మనకు తెలియదు. ఉందని తెలియని పుస్తకాన్ని అడగలేం, వెతకలేం. అందుకే ఇలాంటి పుస్తకం ఎదురుపడే చోటు ఎక్కువమందికి ప్రదర్శన జరిగే మైదానం ఒక్కటే.

ఇప్పుడు ధర సంగతి. ప్రదర్శనకు ఎందుకు వెళ్తున్నారని అడిగితే, తగ్గింపు ఉంటుంది కదా అని చాలామంది అంటారు. మన ప్రదర్శనల్లో వాడుకగా ఇచ్చే తగ్గింపు నూటికి పది రూపాయలు. కొన్ని స్టాళ్లలో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. లెక్క వేసి చూడండి. 250 రూపాయల పుస్తకం మీద మిగిలేది 25 రూపాయలు. నాలుగు పుస్తకాలు కొంటే 100 రూపాయలు. ఆటో ఛార్జీకి, టీకి, పిల్లలకు కొనిచ్చే ఐస్‌క్రీముకు అది సరిపోతే గొప్ప. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్నా పేరున్న పుస్తకాల మీద ఆ మాత్రం తగ్గింపు దొరుకుతుంది. కాబట్టి చవక కోసమే వెళ్తే ప్రదర్శనకు వెళ్లడం నష్టపు బేరమే. ఇది ప్రదర్శనను తీసిపారేసే మాట కాదు. దాని అసలు లాభం ఎక్కడుందో చూడమనే మాట. ఆ లాభం ధరలో లేదు. దొరకడంలో ఉంది. అందుకే మళ్లీ అంటున్నాను. మళ్లీ దొరకనిదే ముందు.

అయితే ఏది మళ్లీ దొరుకుతుందో, ఏది దొరకదో మనకెలా తెలుస్తుంది? ఎవర్నీ అడగక్కర్లేదు. పుస్తకమే చెబుతుంది. అట్ట తెరవండి. పుస్తకం పేరు, రచయిత పేరు ఉన్న పేజీ వస్తుంది. దాన్ని తిప్పండి. దాని వెనక చిన్న అక్షరాల్లో నాలుగైదు వరసలుంటాయి. మనం ఎప్పుడూ చదవని పేజీ అది. మొదట ముద్రణ ఎన్నోదో, ఏ ఏడాదిదో ఉంటుంది. ఆ కిందే చాలా తెలుగు పుస్తకాల్లో ప్రతులు ఎన్ని అన్నది కూడా వేస్తారు. తర్వాత వెల ఉంటుంది. ఆఖరున ప్రతులకు అని రాసి, దాని కింద చిరునామాలు ఇస్తారు. ఈ నాలుగు సంగతులు కలిపి చదవండి. ప్రథమ ముద్రణ, ఈ ఏడాదే వచ్చింది, ప్రతులు 500, ప్రతులకు అన్నచోట రచయిత ఇంటి చిరునామా ఒక్కటే ఉంది అనుకోండి. ఆ పుస్తకం వచ్చే ఏడాది మీ కంటపడుతుందన్న నమ్మకం లేదు. ఇంకో పుస్తకం చూడండి. ప్రథమ ముద్రణే, కానీ పదిహేనేళ్ల కిందటిది. కాగితం అంచులు పసుపు రంగుకు తిరిగాయి. అంటే పాత స్టాకులో మిగిలిన ప్రతులు అవి. అయిపోతే మళ్లీ వేస్తారో లేదో. మూడోది చూడండి. పదో ముద్రణో, ఇరవయ్యో ముద్రణో అని ఉంది. ఉదాహరణకు, శ్రీశ్రీ మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చింది. ఇన్నేళ్లుగా ముద్రణ మీద ముద్రణ పడుతూనే ఉంది. అది ఎక్కడికీ పోదు. ఇవాళ కొనకపోయినా సంక్రాంతి తర్వాత కొనొచ్చు, ఉగాదికి కొనొచ్చు. ఒక్క పేజీ తిప్పితే ఇంత తెలుస్తుంది. అర నిమిషం పని.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం వస్తుంది. దొరకనిదల్లా మంచిదేనా? ఐదు వందల ప్రతులు వేశారంటే బాగోలేకే అన్నే వేశారేమో! ఈ సందేహం సబబైనదే. అరుదు కావడమే గొప్ప కాదు. ఎవరూ కొనని పుస్తకాల్లో కొనక్కర్లేనివి చాలానే ఉంటాయి. పదే పదే ముద్రణ పొందిన పుస్తకం ఆ పేరు ఊరికే తెచ్చుకోలేదు. అందుకే నేను చెప్పేది వరస గురించే. ముందు దేన్ని చేతిలోకి తీసుకోవాలి అన్నదే నా మాట. తీసుకున్నాక పరీక్ష పెట్టాల్సిందే. ఆ పరీక్ష కూడా కష్టమేం కాదు. ముందుమాటతో మొదలుపెట్టకండి. అది రాసినవాళ్లు చాలాసార్లు రచయితకు మిత్రులే. మెచ్చుకోవడానికే రాస్తారు. అట్ట వెనక మాటలూ అంతే. విషయసూచిక చూడండి. తర్వాత పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరవండి. నిలబడే ఒక పేజీ పూర్తిగా చదవండి. కథ అయితే రెండో పేజీకి వెళ్లాలనిపించిందా? చరిత్ర పుస్తకమైతే ఆ పేజీలో మీకు తెలియని సంగతి ఒక్కటైనా ఉందా, అది ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పారా? అనువాదమైతే మూలం ఏమిటో, అనువాదకులెవరో రాశారా, వాక్యం తెలుగులా నడుస్తోందా? ఈ పరీక్షలో నిలిస్తే కొనండి. నిలవకపోతే అది 500 ప్రతుల పుస్తకమైనా సరే బల్ల మీద పెట్టేయండి. కొనేముందు పేజీలన్నీ ఒకసారి తిరగేయండి. కొన్ని ప్రతుల్లో ఒకే ఫారం, అంటే కలిపి అచ్చువేసిన పేజీల కట్ట, రెండుసార్లు వస్తుంది, ఇంకో ఫారం ఎగిరిపోతుంది. అక్కడికక్కడే అయితే వేరే ప్రతి ఇస్తారు. ఇంటికి వెళ్లాక చూస్తే చేసేదేం లేదు.

ఇక తిరగడం ఎలాగో చూద్దాం. హైదరాబాద్ ప్రదర్శనలో ఈ మధ్య ఏళ్లలో మూడు వందలకు పైగా స్టాళ్లు ఉంటున్నాయి. స్టాలుకు మూడు నిమిషాలు పెట్టామనుకోండి. తొమ్మిది వందల నిమిషాలు. అంటే పదిహేను గంటలు. ఒక్క రోజులో అయ్యే పని కాదు. కాబట్టి అన్నీ చూడాలని పెట్టుకోవద్దు. గేటు దగ్గర మొదటి స్టాల్లోనే కొనడం మొదలెట్టనూ వద్దు. రైతుబజారుకు వెళ్లిన ఇల్లాలు మొదటి దుకాణం దగ్గరే సంచి నింపేసుకోదు. ఒక చుట్టు తిరుగుతుంది. ఎక్కడ ఏముందో చూస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు కొంటుంది. ఇక్కడా అదే పద్ధతి. మొదటి చుట్టులో చూడండి, రాసుకోండి, కొనకండి. ఒక చిన్న పుస్తకంలో స్టాలు నంబరు, పుస్తకం పేరు, వెల రాసుకుంటే చాలు. రెండో చుట్టులో కొనండి. దీనివల్ల రెండు లాభాలున్నాయి. మొదటి పది స్టాళ్లలోనే డబ్బయిపోయి, అసలైన పుస్తకం కనబడ్డప్పుడు జేబు తడుముకునే పరిస్థితి రాదు. రెండోది, మోయాల్సిన బరువు తగ్గుతుంది. నాలుగైదు లావుపాటి పుస్తకాలు సంచిలో పడ్డాక ఎంతటి పాఠకుడైనా చూడటం మానేసి కూర్చోవడానికి చోటు వెతుక్కుంటాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. తునిలో ఒక ఉపాధ్యాయురాలు ఉన్నారనుకుందాం. ఒక్క రోజు సెలవు పెట్టి విజయవాడ వస్తారు. చేతిలో 3000 రూపాయలు ఉన్నాయి. ఇంటి దగ్గరే ఒక జాబితా రాసుకున్నారు. అందులో పది పుస్తకాలున్నాయి. ఆమె ఆ పదింటినీ కొని వెళ్లిపోతే పని తొందరగానే అయిపోతుంది. కానీ ఆ పది పేర్లు ఆమెకు ముందే తెలుసు. తెలిసిన పుస్తకాలను పోస్టులో తెప్పించుకోవచ్చు. కాబట్టి ఆమె రైలెక్కే ముందే ఆ జాబితాను ఇంకోసారి చూసుకోవాలి. వీటిలో ఏవి తునిలో కూర్చుని తెప్పించుకోగలను? ఏవి తెప్పించుకోలేను? తెప్పించుకోగలిగినవి కొట్టేయాలి. అప్పుడు బహుశా నాలుగు మిగులుతాయి. ఆ నాలుగింటికి సగం డబ్బు. మిగతా 1500 జాబితాలో లేని పుస్తకాలకు. ఈ సగం సగం లెక్క నేను గట్టిగా చెప్పే మాట. జాబితా లేకుండా వెళ్తే గందరగోళపడతాం. జాబితాకే కట్టుబడితే కొత్తదేదీ కంటపడదు. జాబితా ఉండాలి. దాని పక్కన ఖాళీ కూడా ఉండాలి.

ఆ ఖాళీని నింపేవి ఎక్కడుంటాయి? సినిమా పాటలంత గట్టిగా మైకు మోగే స్టాళ్లలో సాధారణంగా ఉండవు. మూలన, జనం పల్చగా ఉన్నచోట ప్రభుత్వ సంస్థల స్టాళ్లుంటాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ అంతర భారతీయ పుస్తకమాల కింద మలయాళం, కన్నడం, బెంగాలీ, ఒరియా భాషల నవలలు, కథలు తెలుగులో వేసింది. పిల్లలకు నెహ్రూ బాల పుస్తకాలయం ఉంది. సాహిత్య అకాడమి భారతీయ సాహిత్య నిర్మాతలు అనే వరసలో ఒక్కో రచయిత మీద చిన్న పుస్తకం వేసింది. నూరు పేజీలకు అటూ ఇటూగా ఉంటాయి. వెల కూడా తక్కువే. తిరుమల తిరుపతి దేవస్థానం కవిత్రయ భారతాన్నీ పోతన భాగవతాన్నీ తాత్పర్యాలతో సంపుటాలుగా వేసింది. తెలుగు విశ్వవిద్యాలయం ప్రచురణలున్నాయి. ఇలాంటివి మామూలు షాపుల్లో అరుదుగా పెడతారు. తర్వాత సొంతంగా పుస్తకాలు వేసుకున్న రచయితలు కలిసి కూర్చునే స్టాలు చూడండి. ఇందాక చెప్పిన అటక మీది కట్టలు కిందికి దిగేది అక్కడే. తర్వాత పాత పుస్తకాల స్టాళ్లు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఒకప్పుడు రష్యన్ సాహిత్యాన్ని నేరుగా తెలుగులో అచ్చువేసి పంపేవి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది. ఆ ముద్రణలూ ఆగిపోయాయి. కొన్నింటిని మనవాళ్లు మళ్లీ వేశారు. మిగతావి పాత పుస్తకాల గుట్టలోనే దొరకాలి. ఇదీ మళ్లీ దొరకనిదే.

పిల్లల సంగతి కూడా ఒక మాట. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొస్తారు. స్టాల్లోకి వెళ్లగానే జనరల్ నాలెడ్జి పుస్తకమో, చేతిరాత పుస్తకమో కొనేస్తారు. పిల్ల చేతిలో బొమ్మల కథ ఉంటే లాగి బల్ల మీద పెడతారు. జనరల్ నాలెడ్జి పుస్తకం మీ వీధి చివరి షాపులో ఏడాది పొడవునా దొరుకుతుంది. మంచి తెలుగులో, మంచి బొమ్మలతో వచ్చిన కథల పుస్తకం దొరకదు. ‘మంచి పుస్తకం’ లాంటి సంస్థలు పిల్లల కోసమే తెలుగులో పుస్తకాలు వేస్తున్నాయి. అవి వీధి చివరికి చేరవు. పిల్లకు రెండు వందలు ఇవ్వండి. నీ ఇష్టం అనండి. తను ఎంచుకున్నదాన్ని తను చదువుతుంది. ఇక్కడా సూత్రం అదే. బయట దొరకనిదే ముందు.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది. అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, ఈ దుమ్ములో తిరగడం ఎందుకు? ఈ మాటలో చాలా నిజం ఉంది. తెలుగు పుస్తకాలు అమ్మే వెబ్‌సైట్లు వచ్చాయి. వాటివల్ల అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకూ, ఆదిలాబాద్‌లో ఉన్న పాఠకులకూ ఎంతో మేలు జరిగింది. పేరు తెలిసిన పుస్తకాన్ని తెప్పించుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ అక్కడ వెతకాలంటే పేరు తెలియాలి. పేరు తెలిసినా, తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఒక అక్షరం తేడా వస్తే పుస్తకం కనబడదు. ఎక్కువమంది కొన్నదాన్నే ఆ సైట్లు మళ్లీ మళ్లీ మన ముందు పెడతాయి. పైగా మధ్యలో ఒక పేజీ తెరిచి చదివే వీలు చాలా పుస్తకాలకు ఉండదు. అంటే ఇందాక చెప్పుకున్న పరీక్ష అక్కడ కుదరదు. అందుకే రెండింటికీ పని పంచుదాం. కొత్తవి కనిపెట్టడం మైదానంలో. తెలిసినవి తెప్పించుకోవడం ఫోనులో. ప్రదర్శనలో నచ్చినా డబ్బు చాలని పుస్తకం పేరు రాసుకుని, ఆ వెనక పేజీ ఫొటో తీసుకుని వస్తే తర్వాత తెప్పించుకోవచ్చు.

రెండో అభ్యంతరం ఇంట్లోవాళ్లది. పోయినేడు కొన్నవే ఇంకా చదవలేదు, మళ్లీ కొత్తవెందుకు? దీనికి పాఠకులు నవ్వేసి ఊరుకుంటారు. కానీ ఇది నవ్వేయాల్సిన మాట కాదు. చదవని పుస్తకాలు పేరుకుపోతే కొనడమే చదవడం అనిపించే ప్రమాదం ఉంది. అయితే నేను చెప్పిన పద్ధతి ఈ జబ్బును పెంచదు, తగ్గిస్తుంది. ఎప్పుడైనా దొరికేదాన్ని ఇవాళ కొనాల్సిన పనిలేదు. చదవబోయే ముందు రోజు కొనుక్కోవచ్చు. ముందుగా కొని దాచుకోవాల్సింది మళ్లీ దొరకనిదాన్నే. ఆ తేడా పాటిస్తే మన సంచిలో సగం బరువు తగ్గుతుంది. ఇంకో మాట కూడా ఉంది. ప్రతి పుస్తకమూ మనమే కొనాలని లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ప్రదర్శనలో మంచి పుస్తకాలు చూశారా? వాటి పేర్లు మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి. తెప్పించమని అడగండి. అది మన డబ్బే. మనం అడిగితే తప్పేం లేదు.

మూడో అభ్యంతరం రద్దీ గురించి. పుస్తకాల కన్నా మిర్చి బజ్జీల దగ్గరే జనం ఎక్కువగా ఉంటున్నారని కొందరు విసుక్కుంటారు. ఉండనివ్వండి. బజ్జీల కోసం వచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం తిరగేసినా లాభమే. మీకు రద్దీ పడకపోతే ఆదివారాలూ, సెలవు రోజులూ తప్పించండి. మామూలు రోజున తెరవగానే వెళ్లండి. అప్పుడు స్టాల్లో ఉన్నవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది. ఏ రోజు వెళ్లాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఆ ప్రాంగణంలో రోజూ ఆవిష్కరణ సభలు జరుగుతుంటాయి. కొన్ని పుస్తకాలు ప్రదర్శన మధ్యలో గానీ బల్ల మీదికి రావు. మొదటి రోజే వెళ్లి వచ్చేస్తే అవి తప్పిపోతాయి. ఆఖరి రోజు దాకా ఆగితే తక్కువ ప్రతులున్నవి అయిపోతాయి. ఒక్కసారే వెళ్లగలిగితే మధ్య రోజుల్లో వెళ్లడం మేలు. అదే ఊళ్లో ఉంటే రెండుసార్లు వెళ్లండి. ఒకటి చూడటానికి, ఒకటి కొనడానికి.

చివరి అభ్యంతరం కొంచెం గట్టిది. అమ్ముడుపోయేదే ప్రచురణకర్తలు తెస్తారు, మన ఒక్కరి ఎంపిక వల్ల మారేదేముంది అని. మారుతుందనే నేనంటాను. కారణం చెబుతాను. ప్రదర్శనలో పంపిణీదారు, దుకాణదారు పక్కకు తప్పుకుంటారని ఇందాక చెప్పాను కదా. దానివల్ల లాభం మనకొక్కరికే కాదు, ప్రచురణకర్తకూ ఉంది. షాపు నుంచి అతనికి చేరేది ఎన్ని ప్రతులు పోయాయన్న లెక్క మాత్రమే. దొరకక వెనుదిరిగిన పాఠకుడి సంగతి ఆ లెక్కలో ఉండదు. స్టాలు దగ్గర మాత్రం ఆ పాఠకుడు ఎదురుగా నిలబడి అడుగుతాడు. ఫలానా నవల ఉందా, ఎందుకు మళ్లీ వేయలేదు అని. ఐదు వందల ప్రతులు వేసే చోట ముప్ఫై మంది అడిగితే అది చిన్న సంఖ్య కాదు. మళ్లీ వేయొచ్చా లేదా అన్న ఆలోచనకు అదే ఆధారం. ఊరికే అడిగి వచ్చేయకండి. పుస్తకం పేరు రాసి ఇవ్వండి. మీ ఫోను నంబరు ఇవ్వండి. వేస్తే ఒక ప్రతి నాకు అని చెప్పండి.

కాబట్టి ఈసారి ప్రదర్శనకు వెళ్లేటప్పుడు మూడు పనులు గుర్తుంచుకోండి. సగం డబ్బు జాబితాకు, సగం డబ్బు తెలియని పుస్తకాలకు పెట్టుకోండి. మొదటి చుట్టు చూడటానికే తిరగండి. నచ్చిన పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు పేరున్న పేజీ తిప్పి, వెనక వైపు చదవండి. ఈ మూడూ చేసేది ఒక్కదాని కోసమే, మళ్లీ దొరకని పుస్తకాన్ని ముందు అందుకోవడం కోసం. ఐదు వందల ప్రతుల్లో ఒకటి మీరు కొంటే, ఆ రచయిత రెండో పుస్తకం వేయడానికి మీరు కూడా ఒక కారణమవుతారు. పదో ముద్రణలో ఉన్న పుస్తకానికి మన అవసరం అంతగా లేదు. మొదటి ముద్రణకు ఉంది.